రెండుసార్లు దింపిన గేర్‌బాక్స్

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి రోడ్డెక్కే ర్యాంపు బాగా నిటారు. 2022 వానాకాలంలో ఒక పొద్దున సరిగ్గా ఆ ర్యాంపు మధ్యలో మా కారు గడగడా వణికింది. క్లచ్ మీంచి కాలు తీస్తుంటే కాసేపు అసలు పట్టలేదు, పట్టడం మాత్రం ఒక్క ఊపున పట్టి ముందుకు గెంతింది. వెనక సీట్లో క్యారేజీ బోర్లా పడి సాంబారంతా మ్యాట్ పాలైంది. గేటు తీస్తున్న వాచ్‌మన్ పక్కకు దూకాడు.

అది 2010 మోడల్, 796 సీసీ బుజ్జి కారు. 2017లో లక్షా యాభై వేలకు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. విజయవాడలో ఆఫీసుకూ ఇంటికీ మధ్య తిరగడానికి అంతకుమించి అక్కర్లేదు. కాకపోతే బెంజ్ సర్కిల్ కింద ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద ఈడ్చుకురావడం నాకు అలవాటైపోయింది. పాపంలో నా వాటా అది.

ముందు చవకైన వైద్యమే చేయించాను. క్లచ్ కేబుల్ లోపలి తీగ పోగులు తెగి తొడుగులో ఇరుక్కుంటోందని మా వీధి మెకానిక్ చూపించాడు. కొత్త కేబుల్, లేబరు కలిపి 450. పెడల్ తేలికైంది గానీ వణుకు తగ్గలేదు.

‘ఎనభై వేలు కూడా పలకని బండికి ఇంకా డబ్బులు తగలేస్తావా?’ అన్నారు మా ఆయన. ఆ మాట నాకూ నిజమేననిపించింది. ఆదివారం షోరూముకెళ్లాం. ఐదు లక్షల లోను, తొమ్మిది శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకు 10,379. అంతా కట్టేసరికి 6,22,000 దాటుతుంది. పైగా కొత్త బండి ఏడాది నిండకముందే బీమా లెక్కలో 15 శాతం తరిగిపోతుంది.

ఇంటికొచ్చి కాగితం ముందేసుకున్నాక తెలిసింది, మేం తప్పు తక్కెడలో తూస్తున్నామని. రిపేరు ఖర్చును బండి ధరతో పోలుస్తున్నాం. బండి అమ్మేవాళ్లకైతే ఆ లెక్క సరే. మేం అమ్మడం లేదుగా, తిరగాలి. క్లచ్ మొత్తం మార్చడానికి మెకానిక్ చెప్పింది 5,000. అంటే కొత్త కారు వాయిదా డబ్బుతో నెలనెలా రెండు క్లచ్‌లు మార్పించుకోవచ్చు! షోరూము వాళ్లకు ఫోన్ చేసి వద్దన్నాను. అంతవరకు తెలివిగానే చేశాను.

తెలివి తప్పింది ఆ తర్వాత. గేర్‌బాక్స్ దింపాక మెకానిక్ ఫోన్ చేశాడు. ‘మేడం, ఆయిల్ సీళ్లు కూడా మార్చేయమంటారా? రెండూ కలిపి 350.’ తప్పనిసరా అని అడిగాను. ‘ఇప్పటికి బానే ఉన్నాయి. మీ ఇష్టం’ అన్నాడు. వద్దన్నాను. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిసిన సెట్ 3,200, లేబరు 1,800. బేరమాడకుండానే 350 మిగిల్చానని రాత్రి మా ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఎనిమిది నెలలు తిరక్కుండానే అదే ర్యాంపు, అదే వణుకు.

ఈసారి ఆటోనగర్ తీసుకెళ్లాను. అక్కడో పెద్దాయన ప్లేటు బయటికి తీసి నా చేతికిచ్చాడు. చుట్టూ పొడిగా గోధుమరంగులో ఉండాల్సిన లైనింగ్, ఓ పక్క అట్లపెనంలా నల్లగా నిగనిగలాడుతోంది. ‘వాసన చూడమ్మా’ అన్నాడు. గంధకం కలిసిన కంపు. గేరాయిల్. గేర్‌బాక్స్ షాఫ్ట్ దగ్గరి సీలు కారి, చుక్కచుక్కగా ప్లేటు మీద పడుతోంది. క్లచ్ నెమ్మదిగా, అంతటా సమానంగా జారుతూ పట్టుకోవాలట. నూనె తగిలిన చోట జారి, పొడిగా ఉన్నచోట కరుచుకుంటే బండికి చలిజ్వరమే. ఇంజిన్ మౌంటింగు ఒకటి రబ్బరు చిట్లి ఉండటంతో వణుకు రెట్టింపైంది.

ప్లేటు 1,400. సీళ్లు రెండూ 350. ఫ్లైవీల్ మీద మాడిన మచ్చలు పోయేలా లేత్ పట్టించడానికి 600. మౌంటింగు 700. లేబరు 2,000. అంతా 5,050.

ఇందులో ఫ్లైవీల్, మౌంటింగు ఎప్పటికైనా తప్పేవి కావు. దండగ పడింది రెండో ప్లేటూ, రెండో లేబరూ. 3,400. సీలు ఖరీదు కాదది, సీలు దాకా చెయ్యి వెళ్లడానికయ్యే ఖరీదు. మొదటిసారి ఆ దారి తెరిచే ఉంది, దాని కూలీ కూడా నేనే ఇచ్చాను. అయినా ‘తప్పనిసరా?’ అని అడిగాను. ‘ఇది తర్వాత పోతే మళ్లీ ఇదంతా దింపాలా?’ అని అడిగి ఉండాల్సింది.

అప్పటినుంచి నెలకు 1,500 కారు పేరిట ఆర్డీ కడుతున్నాను. వాయిదా తప్పించుకున్నందుకు నాకు నేను వేసుకున్న చిన్న వాయిదా. 2025లో పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు వచ్చినప్పుడు 5,000 ఫీజు అందులోంచే కట్టాను. ఇంకో ఐదేళ్లు బండికి ఢోకా లేదని కాగితం చెబుతోంది. కాగితం మాటే లెండి.

మొన్న ఏసీ చల్లదనం తగ్గితే కూలింగ్ కాయిల్ పోయిందన్నారు. ధర అడగబోయి ఆగాను.

‘అది విప్పినప్పుడు ఇంకేమేం చేతికందుతాయి?’

మెకానిక్ నవ్వి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా రాసుకున్నాడు.