గోదావరి గట్టున ఫ్రెంచి సెలవు

ఫ్రాన్సు అనగానే మీకేం గుర్తొస్తుంది? ఈఫిల్ టవరు, సెంటు సీసాలు, సినిమా పాటల్లో మంచు... ఆ తర్వాత విమానం టికెట్టు ఖరీదు గుర్తొచ్చి, ఆలోచన అక్కడితో ఆగిపోతుంది, అవునా? కానీ వీసా లేకుండా, విమానం ఎక్కకుండా, పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బుతోనే మీరొక ఫ్రెంచి ఊరు చూసి రావచ్చు. పైగా అక్కడ అందరూ మాట్లాడేది తెలుగే! అదే యానాం.

మాది మాణికేశ్వర్ నగర్. ఉస్మానియా యూనివర్సిటీ పక్కన ఉంటుంది, పాతవాళ్ళు ఇంకా వడ్డెర బస్తీ అనే అంటారు. ఫ్రెంచి మాట మా వీధికి మరీ కొత్తేం కాదు. యూనివర్సిటీలో ఆ భాష నేర్పుతారు, తార్నాక వైపు ఉన్న ఇఫ్లూలోనూ నేర్పుతారు. మా మేడ మీది గదిలో అద్దెకుండే వరంగల్ అమ్మాయి అదే చదువుతోంది. పొద్దున్నే నేను పాల ప్యాకెట్ల కోసం తలుపు తీసేసరికి పైనుంచి ముక్కుతో మాట్లాడుతున్నట్టు పాఠం వల్లె వేస్తూ వినపడుతుంది. "నిజం ఫ్రెంచోళ్ళ ఊరు ఒక్కటన్న చూడాలె ఆంటీ" అని ఆ పిల్ల అనడం, పక్క వాటాలో ఉండే మామ్మగారు "అయితే యానాం పదండి, నాకూ అక్కడ పనుంది" అనడం, అలా మొదలైంది మా ప్రయాణం. నేను, మా తోడికోడలు, మామ్మగారు, ఆ అమ్మాయి. మగవాళ్ళెవరూ లేరు. మూడు రోజులకి సరిపడా ఇడ్లీపిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, గ్యాసు కట్టడం శ్రీవారికి రెండుసార్లు అప్పజెప్పి బయల్దేరాం.

రైలు రాత్రికి కాబట్టి ఆ పగలు ఊరికే పోనివ్వకండి. హైదరాబాదులోనే ఫ్రెంచి వాళ్ళ గుర్తులు ఉన్నాయి. మూసారాంబాగ్ పేరు ఎలా వచ్చిందో తెలుసా? నిజాం కొలువులో సైన్యాధికారిగా పనిచేసిన ఫ్రెంచి జనరల్ రేమండ్ పేరు మన నోళ్ళలో నలిగి మూసా రామ్ అయింది. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. ఆయన 1798లో చనిపోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి, పక్కనే ఎత్తుగా కోసుగా ఒక రాతి స్తంభం ఉన్నాయి. చాలాకాలం అక్కడ ఏటా ఉర్సు కూడా జరిపేవారట. ఎక్కడో ఫ్రాన్సులో పుట్టినవాడికి మనవాళ్ళు దీపాలు పెట్టారంటే వింతగా లేదూ! మీరు చీరల కోసం అబిడ్స్ వెళ్ళేటప్పుడు గన్‌ఫౌండ్రీ అనే పేరు చూస్తుంటారు కదా, ఆ ఫిరంగుల కార్ఖానా కూడా ఆయన పెట్టించిందే. వెళ్తే సాయంత్రం నాలుగింటికి వెళ్ళండి, ఎండ తగ్గి గాలి బాగుంటుంది. అక్కడ తినడానికేమీ ఉండదు, మంచినీళ్ళ సీసా మర్చిపోవద్దు.

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే పొద్దున్నకి కాకినాడలో దింపుతుంది. ఈమధ్య కొన్ని రైళ్ళు సికింద్రాబాదుకి బదులు చర్లపల్లి మీదుగా పోతున్నాయి, కాబట్టి ఎక్కవలసిన స్టేషన్ ఏదో టికెట్టు కొనేటప్పుడే చూసుకోండి. రాత్రికి చపాతీ, బంగాళాదుంప వేపుడు కట్టుకుంటే చాలు. పులిహోర పొద్దున ఆకలికి పనికొస్తుంది.

బస విషయంలో నా సలహా ఒకటే. యానాంలోనూ లాడ్జీలు, హోటళ్ళు ఉన్నాయి గానీ ఆడవాళ్ళం, పిల్లలతో వెళ్ళేవాళ్ళం కాకినాడలోనే గది తీసుకోవడం సుఖం. ఎంచుకోవడానికి ఎక్కువ ఉంటాయి, రాత్రి పొద్దుపోయినా ఊరు మెలకువగా ఉంటుంది. యానాం అక్కడికి సుమారు ముప్పై కిలోమీటర్లు, బస్సులు బాగానే ఉన్నాయి. ఇంకో సంగతి చెప్పనా? యానాం పుదుచ్చేరి పాలనలో ఉండటం వల్ల అక్కడ పన్నులు వేరు, మందు చవక. అందుకే ఆ ఊరి పేరెత్తగానే చాలామంది మగవాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. సాయంత్రమైతే కొన్ని వీధుల్లో ఆ సందడే ఎక్కువ. చూడవలసినవి పగలు చూసేసుకుని చీకటి పడేసరికి కాకినాడ చేరుకుంటే హాయి.

కాకినాడలో దిగిన రోజు మధ్యాహ్నం సుబ్బయ్యగారి హోటల్లో భోజనం చేశాం. అరిటాకు, పొడులు, పచ్చళ్ళు, వేపుళ్ళు, పప్పు, పులుసు, గడ్డపెరుగు... వడ్డించేవాళ్ళు అడిగి అడిగి పెడతారు. మనం రోజూ నలుగురికి వడ్డించి, చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినేవాళ్ళం కదా! ఎవరో మన ఆకు చూసి "ఇంకొంచెం వెయ్యనా అమ్మా" అంటే ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించి రండి. మా తోడికోడలు మూడుసార్లు పప్పు వేయించుకుంది.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలోనే కోరంగి వస్తుంది. అక్కడ ఆగకుండా పోవద్దు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి అది. బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చిన చెట్ల మధ్య చెక్కబాట వేశారు, నడుచుకుంటూ లోపలిదాకా పోవచ్చు. నీళ్ళలో చేపలు పట్టుకునే బావురుపిల్లులు ఉన్నాయంటారు గానీ మాకు కనిపించినవి పీతలూ, కొంగలే. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, సముద్రపు ఉప్పెన దాన్ని తుడిచిపెట్టేశాయి. 1996 నవంబరు తుపాను సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఈ తీరం మీదే విరుచుకుపడింది. అందుకే చెప్తున్నా, నవంబరులో ప్రయాణం పెట్టుకోకండి. జనవరి అన్నిటికన్నా మంచిది. యానాంలో ప్రజా ఉత్సవాలు, పూల ప్రదర్శన కూడా అప్పుడే జరుగుతాయి. ఎప్పుడు వెళ్ళినా దోమల మందు మాత్రం రాసుకుని వెళ్ళండి.

ఇక యానాం. ఊరు చిన్నది, మొత్తం ముప్పై చదరపు కిలోమీటర్లు. ఫ్రెంచి వాళ్ళు 1723లో వర్తకం కోసం ఇక్కడ దిగారు. ఇంగ్లీషు వాళ్ళు మధ్యలో ఎన్నోసార్లు లాక్కున్నారు, నెపోలియన్ యుద్ధాల తర్వాత తిరిగిచ్చేశారు. మన దేశానికి 1947లో స్వాతంత్ర్యం వచ్చినా ఇక్కడ ఫ్రెంచి జెండా దిగలేదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య, ఆయన వెంట ఉన్నవాళ్ళు ఊరిని స్వాధీనం చేసుకున్నాక గానీ ఆ పాలన పోలేదు. కాయితాల మీద పూర్తిగా మనదయింది 1962లో. అప్పుడు కావాలన్నవాళ్ళకి ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలిచ్చారు. అలా ఉంచుకున్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

చూడవలసినవాటిలో నాకు నచ్చింది సెయింట్ ఆన్స్ చర్చి. 1846లో పూర్తయింది. మా అమ్మాయి అక్కడి ఫ్రెంచి అక్షరాలు వేలితో తడుముతూ చదువుతుంటే గుమ్మం దగ్గర కూర్చున్న ముసలాయన లేచొచ్చి చెవొగ్గి విన్నాడు. అక్కణ్ణించి మీసాల వేంకన్న గుడికి వెళ్ళండి. అవునండీ, స్వామికి మీసాలుంటాయి! గోదావరి గట్టున ఏనుగులు తొండాలతో శివలింగానికి అభిషేకం చేస్తున్నట్టు కట్టారు, దగ్గర్లోనే పెద్ద భారతమాత విగ్రహం. ఈఫిల్ టవరు పోలికలో ఎత్తయిన ఉక్కు గోపురం కూడా ఒకటి లేపారు. పిల్లలకి ఫొటోలకి బాగుంటుంది, నాకు మాత్రం దానికన్నా దాని వెనకున్న నదే నచ్చింది. అవతలి ఒడ్డు ఎదుర్లంక, అక్కణ్ణించి కోనసీమ. ఇప్పుడు బాలయోగి వారధి మీద నిమిషాల్లో దాటేస్తున్నారు గానీ ఒకప్పుడు పడవే దిక్కు.

మామ్మగారి పని ఆ పడవల రేవు దగ్గరే. వాళ్ళది అమలాపురం దగ్గర పల్లెటూరు. వాళ్ళమ్మగారికి తొమ్మిదో ఏట పెళ్ళయింది... యానాంలో.

మీ అత్తగార్లనో అమ్మమ్మలనో అడిగి చూడండి, గోదావరి జిల్లాల వాళ్ళయితే ఈ సంగతి విని ఉంటారు. శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ నుంచి అమలయింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే శిక్ష. కానీ ఆ చట్టం ఇంగ్లీషు వాళ్ళ రాజ్యంలోనే చెల్లుతుంది. యానాంలో ఫ్రెంచి ప్రభుత్వం పెళ్ళిళ్ళ సంగతి ఎవరి ఆచారానికి వాళ్ళని వదిలేసింది. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి పసిపిల్లలని పడవల్లో, బళ్ళలో తీసుకొచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేసి, మర్నాటికి తిరిగి తీసుకుపోయేవారు. ఎన్ని పెళ్ళిళ్ళో గానీ ఊరికి కల్యాణపురం అనే పేరే వచ్చింది! మంగళవారం సంతలో సీమ సరుకులు కొనుక్కోవడానికి కొందరు, పిల్లల మెళ్ళో తాళి కట్టించడానికి కొందరు.

"మా అమ్మకి పెళ్ళి గురించి గుర్తున్నది రెండే. పడవలో అరిసె తిన్నానని, పీటల మీద నిద్రపోతే చెంప తట్టి లేపారని" అన్నారు మామ్మగారు. ఏ ఇంట్లో జరిగింది, ఏ సత్రంలో దిగారు, ఎవరికీ తెలియదు. ఉన్నవాళ్ళెవరూ మిగల్లేదు. రేవు దగ్గర మెట్ల మీద కూర్చుని ఆవిడ అవతలి ఒడ్డుకేసి చూస్తుంటే, మా వరంగల్ పిల్ల ఉండబట్టలేక, "స్వేచ్ఛ, సమానత్వం అని గోడల మీద రాసుకుంటరు మామ్మా వాళ్ళు. మరి గిదేంది?" అంది.

"వాళ్ళననుకుని ఏం లాభమే, తీసుకొచ్చింది మా తాతే కదా" అన్నారు మామ్మగారు. "చెడ్డవాడేం కాదు. ఊళ్ళో నలుగురూ చేశారు, తను చెయ్యకపోతే మాట పడాలని భయం. మా అమ్మ చదువు రెండో తరగతితో ఆగిపోయింది. నన్ను మాత్రం పది దాకా చదివించింది. మా నాన్నతో పోట్లాడి మరీ..." అని లేచి, కొంగు దులుపుకుని, "ఆకలేస్తోంది, పదండి" అన్నారు.

తిండి సంగతి నిజం చెప్పాలి. యానాంలో ఫ్రెంచి వంట కోసం వెతక్కండి. పొడుగు రొట్టెలూ, పొరలు పొరలుగా విడిపోయే వెన్న రొట్టెలూ కావాలంటే పుదుచ్చేరి పోవాలి. ఇక్కడున్నది అచ్చమైన గోదావరి వంట. మేం ముగ్గురం రొయ్యల ఇగురు, బొమ్మిడాయిల పులుసు తిన్నాం. మామ్మగారికి పప్పు, పనసపొట్టు కూర. ఆవపెట్టిన పనసపొట్టు ఘాటు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా మారు వడ్డించుకున్నారు.

పులస తినాలనుకుంటే వానాకాలంలో వెళ్ళాలి. సముద్రంలో ఇలసగా ఉన్న చేప గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఎదురీదుకుంటూ వచ్చి పులస అవుతుంది. యానాం మార్కెట్లో ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, పుస్తెలు ఎవరివో కూడా చెప్పి ఉండవలసింది! వండే తీరు అక్కడి ఇల్లాలు ఒకావిడ చెప్పింది: మట్టి దాకలో చింతపండు పులుసు, బెండకాయలు, పచ్చిమిర్చి, దింపేముందు కాస్త వెన్న. సన్నని సెగ మీద వదిలెయ్యాలి, గరిటె పెట్టి కలపకూడదు. వండిన రోజుకన్నా మర్నాడు రుచి. ఒడిశా వైపు నుంచి వచ్చే ఇలసని పులస అని అంటగట్టేవాళ్ళుంటారు, తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని కొనండి. జనవరిలో ఎవరైనా పులస అంటే నవ్వి వచ్చెయ్యండి.

మూడో రోజు పొద్దున్నే ద్రాక్షారామం చూసుకోవచ్చు. పంచారామాల్లో ఒకటి, భీమేశ్వరస్వామి లింగం రెండంతస్తుల ఎత్తు. దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి కాకినాడ వచ్చేస్తే రాత్రి రైలుకి బోలెడు వ్యవధి.

ఆ వ్యవధిలో కాజాలు కొనుక్కోండి. కాకినాడది గొట్టం కాజా, తాపేశ్వరానిది మడత కాజా, రెండూ వేరు. గొట్టం కాజా కొరికితే లోపలి పాకం గడ్డం మీదకి కారుతుంది. అట్టపెట్టెలో పెట్టిస్తే తెల్లారేసరికి సంచిలో బట్టలన్నీ జిగురు. ఇంటి దగ్గరే గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి సర్దుకుని వెళ్ళండి, వెళ్ళేటప్పుడు అందులో పులిహోర, వచ్చేటప్పుడు కాజాలు.