టీమ్ మారితే ద్రోహమేనా?

మా హాస్టల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు పద్దెనిమిది మంది. ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం అరవై మంది ఉంటారు. స్టడీ అవర్ అయిపోయాక, లైట్లు ఆర్పేలోపల మెట్ల మీద కూర్చుని మేము చేసే వాదన కింద వంటగది దాకా వినిపిస్తుంది. "ఈ నోరు పరీక్షల్ల చూపెట్టుర్రి రా" అని వార్డెన్ సార్ ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. సంచికకు ఏదైనా రాయమని అదే వార్డెన్ సార్ అడిగారు గనుక, ఆ వాదనల్లో అన్నింటికన్నా ఎక్కువ రోజులు నడిచిన దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

అది మా గోల్ కీపర్ గురించి మొదలైంది.

దసరా సెలవుల్లో శామీర్‌పేట దాటినాక ఒక ఊళ్ళో టోర్నమెంటు పెట్టారు. మేడ్చల్ నుంచి మా హాస్టల్ పిల్లలం ఒక జట్టుగా పోయాం. అక్కడికి పోయి చూస్తే మా కీపర్ ఇంకో జట్టు జెర్సీ వేసుకుని నిలబడ్డాడు. ఆ జట్టును నడిపేది ఒక రియల్ ఎస్టేట్ ఆయన. జెర్సీ వెనకాల ఆయన వెంచర్ పేరు ఉంది. మనిషికి అయిదు వందలు, కీపర్‌కు అదనంగా కొత్త స్టడ్స్, కొత్త గ్లౌజులు. మా ఖర్మకొద్దీ రెండో రౌండులో మాకు తగిలింది ఆ జట్టే. ఆట సమానంగా ముగిసి పెనాల్టీలకు పోయింది. మా వాళ్ళు ఎవరు ఏ పక్కకు కొడతారో అతనికి తెలియనిదా? రెండు ఆపాడు. మేము ఓడి ఆటోలో ఇరుక్కుని ఇంటిదారి పట్టాం.

సెలవులు అయిపోయి అతను హాస్టల్‌కు వచ్చేసరికి ఎవరో అతని ట్రంకు పెట్టె మీద చాక్‌పీసుతో "అమ్ముడుపోయినోడు" అని రాసిపెట్టారు. వారం రోజులు భోజనాల దగ్గర అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు, మా ఇద్దరివీ పక్కపక్క పరుపులు.

మెట్ల మీద మాత్రం వాదన జోరందుకుంది. మా హాస్టల్లో రెండు పార్టీలున్నాయి, మెస్సీ పార్టీ, రోనాల్డో పార్టీ. మెస్సీ పార్టీ వాళ్ళు, "ఒక్క క్లబ్బు నమ్ముకున్నోడే మొగోడు. మెస్సీ పదమూడేళ్ళ వయసుల బార్సిలోనా పోయిండు, ఇరవై ఏండ్లకు పైన ఆడనే ఉన్నడు" అన్నారు. రోనాల్డో పార్టీ వాళ్ళు, "మనోడు పోర్చుగల్ నుంచి ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ, మళ్ళ ఇంగ్లండ్, ఆఖరికి సౌదీ పోయిండు. అయితే ఏందిరా? పోయిన ప్రతిచోటా గోల్స్ కొట్టిండు గదా" అన్నారు.

అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక తమ్ముడు ఒక మాట అడిగాడు. "అన్నా, అంత నమ్మకంగ ఉన్న మెస్సీ 2021ల ఏడ్సుకుంట ఎందుకు పోయిండే?" అందరం ఆగిపోయాం. ఎందుకంటే అది నిజం. ఆయన ఉంటానన్నాడు. క్లబ్బు అప్పుల్లో మునిగి ఉండడంతో, స్పెయిన్ లీగు ఖర్చు నిబంధనల కింద ఆయన కాంట్రాక్టు నమోదు కాలేదు. అంటే ఇరవై ఏళ్ళు ఉన్నవాడి విశ్వాసం కూడా లెక్కల పుస్తకం ముందు పనిచేయలేదు.

ఆ మాట దగ్గర నాకు ఇంకో మనిషి గుర్తుకొచ్చాడు. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ పోయే రైలు లైను మీద బొల్లారం, అల్వాల్ దాటినాక అమ్ముగూడ అని చిన్న స్టేషను వస్తుంది. ఆ అమ్ముగూడలో 1936లో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు తులసీదాస్ బలరాం. మా మెట్ల మీద మెస్సీ తాగే నీళ్ళ బ్రాండు కూడా తెలిసినవాళ్ళున్నారు గాని, బలరాం పేరు విన్నవాళ్ళు ఇద్దరే. వాళ్ళు కూడా 2024లో వచ్చిన మైదాన్ సినిమా ఫోన్లో చూసి విన్నారు.

హైదరాబాద్‌లో ఆడుతుండగా ఆయన రహీం సాబ్ కంట్లో పడ్డాడు. రహీం సాబ్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం, మన దేశపు జట్టుకు శిక్షణ ఇచ్చిన బడిపంతులు. ఆయన దగ్గర నేర్చుకోవడానికి బలరాం అమ్ముగూడ నుంచి సైకిలు తొక్కుకుంటూ పోయేవాడట. ఇరవై ఏళ్ళకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. ఆ ఏడాది భారత్ నాలుగో స్థానం దాకా పోయింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు ఆయనవే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఆయన ఉన్నాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురి పేర్లు కలిపే చెప్పేవారు.

ఇక మన వాదనకు కావలసిన సంగతి ఇది. 1957లో ఆయన హైదరాబాద్ వదిలి కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. సంతోష్ ట్రోఫీ అంతకుముందు హైదరాబాద్ తరఫున గెలిచినవాడు, తర్వాత బెంగాల్ తరఫున గెలిచాడు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెను. తర్వాత రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.లో చేరాడు. ఆరోగ్యం చెడి ఇరవై ఏడేళ్ళ వయసుకే ఆట ఆపవలసి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు.

"అయితే ఈయన కూడ అమ్ముడుపోయినోడేనా?" అని నేను మెస్సీ పార్టీని అడిగాను. వాళ్ళు వెంటనే, "ఆయన ఇండియాకు ఆడిండు గదరా, అది వేరే" అన్నారు. ఏం వేరే? ఆకలి వేరేనా?

ఆయన ఒక్కడే కాదు. హైదరాబాద్‌లో పుట్టిన మహమ్మద్ హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. అక్కడి నుంచి మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఇలా కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు. ఆ ఆట 2-2తో ముగిసింది. ఉద్యోగం పక్కన పెట్టుకోకుండా ఆటనే వృత్తిగా బతికినవాడని ఆయనకు పేరు. కలకత్తాలో జట్లు మారే కాలం వచ్చిందంటే క్లబ్బులవాళ్ళు ఆటగాళ్ళను సంతకాల రోజు దాకా రహస్యంగా దాచిపెట్టేవారట. మా కీపర్‌ను మాత్రం ఎవరూ దాచలేదు పాపం, నంబర్ పదహారు బస్సులో తానే పోయాడు.

మరి పోనివాళ్ళు ఎందుకు పోలేదు? దీనికి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చూడాలి. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. రహీం సాబ్ శిక్షణ గురించి అందరూ రాస్తారు, రాయవలసిందే. నాకు మాత్రం అందులో కనిపించేది ఇంకొకటి. ఆ ఆటగాళ్ళకు పోలీసు శాఖలో కొలువు ఉంది. నెల తిరిగితే జీతం చేతికి వచ్చేది. మోకాలు విరిగినా ఇల్లు గడిచేది. ఇంకో సంగతి, ఆ జట్టును ఎవరూ కొనలేరు, ఎవరూ అమ్మలేరు, లారీకెత్తి ఇంకో ఊరికి తీసుకుపోలేరు. అలాంటి చోట విశ్వాసం పెరగడంలో వింత లేదు. 1963లో రహీం సాబ్ చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు మళ్ళీ ఆ వెలుగు రాలేదు.

ఇక మా తరం సంగతికి వస్తాను. 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఇండియన్ సూపర్ లీగులో పుణె జట్టు మూతపడితే దాని స్థానం మన ఊరికి వచ్చింది. మొదటి ఏడాది పది పాయింట్లతో అట్టడుగున నిలిచింది. మూడో సీజన్‌లో, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. ఆ రాత్రి వాచ్‌మన్ అన్న ఫోను చుట్టూ పదిహేను తలకాయలు. ముందు కేరళ గోలు కొట్టింది. ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి లోపలికి పోయింది. పెనాల్టీల్లో మన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. మనం గెలిచాం! వాచ్‌మన్ అన్న, "ఫోన్ కింద పడేస్తరు రా" అని మొత్తుకుంటున్నా ఎవరూ వినలేదు. ఆ పదకొండు మందిలో తెలంగాణ పిల్లగాడు ఒక్కడు కూడా లేడు. గోవా, మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా వాళ్ళు. అయినా ఆ రాత్రి అందరూ మనోళ్ళే. నైజీరియా నుంచి వచ్చిన ఒగ్బెచే ఆ సీజన్‌లో పద్దెనిమిది గోల్స్ కొట్టాడు. మా హాస్టల్లో ఒక తమ్ముడిని ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తాం.

తర్వాత ఏం జరిగిందో పేపర్లు చదివిన వాళ్ళకు తెలుసు. 2023లో కోచ్ మనోలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళకు జీతాలు ఆగిపోయాయి. బకాయిల వల్ల కొత్తవాళ్ళను తీసుకోకూడదని ఫిఫా నిషేధం పెట్టింది. ఒక్కొక్కరే బయటికి నడిచారు. 2023-24లో ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. మా మెట్ల మీద అప్పుడు కూడా ఇదే తిట్టు, "పారిపోయిండ్రు, అమ్ముడుపోయిండ్రు." నెలల తరబడి జీతం రాకపోతే ఏ మేస్త్రీ దగ్గరైనా ఏ కూలీ అయినా ఉంటాడా? మా నాన్న ఉండడు. మీ నాన్నలు కూడా ఉండరు. 2024లో యాజమాన్యం మారి జిందాల్ గ్రూపు చేతికి పోయింది. 2025లో ఆ జట్టునే ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. ఆటగాడు ఒక్కడు పోతే ఇంత గోల చేసిన మేము, క్లబ్బుకు క్లబ్బే పోయిన రోజు మెట్ల మీద ఎవరిని తిట్టాలో తెలియక కూర్చున్నాం. తిట్టడానికి ఒక ముఖం లేదు. ఒక కంపెనీ పేరు ఉంది, అంతే. పుణెలో కూడా 2019లో మాలాంటి పిల్లలు ఇలాగే కూర్చుని ఉంటారు.

ఇక్కడే నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివాళ్ళు మెట్ల మీదికి రావచ్చు. విశ్వాసం అనే మాటను మనం ఎప్పుడూ జీతం తీసుకునేవాడినే అడుగుతాం. జీతం ఇచ్చేవాడిని అడగం. మా కీపర్ అంతవరకు బొటనవేలు బయటికొచ్చిన కాన్వాస్ బూట్లతో ఆడేవాడు. వాళ్ళమ్మ నర్సరీలో మొక్కలకు నీళ్ళు పోసే పని చేస్తుంది. ఆ అయిదు వందలు ఆమె చేతికే పోయాయి. ఇక ఆ రియల్ ఎస్టేట్ ఆయన జట్టు ఏమైంది? సంక్రాంతికల్లా లేదు. ఆయనకు క్రికెట్ మీదికి మనసు మళ్ళింది. జెర్సీలు మాత్రం ఉతుకులకు రంగు పోయి పిల్లల ఒంటి మీద ఉన్నాయి. ఆయన ట్రంకు పెట్టె మీద ఎవరూ ఏమీ రాయలేదు.

అభిమానులు ఏమీ చేయలేరా అంటే, చేసినవాళ్ళున్నారు. లండన్‌లో వింబుల్డన్ అని ఒక పాత క్లబ్బు. దాన్ని ఎంతో దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్ అనే ఊరికి మార్చుకోవడానికి 2002లో యాజమాన్యానికి అనుమతి దొరికింది. అభిమానులు ఆ ఏడాదే సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని క్లబ్బు పెట్టుకున్నారు. ఊరి మైదానంలో ఎవరైనా వచ్చి ఆడి చూపించండి అని పిలిచి ఆటగాళ్ళను ఎంచుకున్నారు. ఇంగ్లండ్ మెట్లలో తొమ్మిదో మెట్టు మీద మొదలుపెట్టి, 2011లో నాలుగో మెట్టుకు, అంటే ఫుట్‌బాల్ లీగులోకి చేరారు. జర్మనీలో అయితే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, క్లబ్బులో సగానికి పైన ఓట్లు సభ్యుల చేతుల్లోనే ఉండాలని నియమం ఉంది. ఎంత డబ్బున్నవాడైనా ఒక్కడే వచ్చి ఎత్తుకుపోలేడు.

ఈ సంగతి చెప్పిన రోజు మెస్సీ పార్టీ, రోనాల్డో పార్టీ రెండూ మొదటిసారి ఒక్కమాట మీదికి వచ్చాయి. ఎవరి దగ్గరా చెయ్యి చాపొద్దు, మన బంతి మనమే కొనుక్కుందాం అని. నలభై అయిదు మందిమి మనిషికి ఇరవై రూపాయలు వేసుకున్నాం. మొత్తం తొమ్మిది వందలు. సికింద్రాబాద్ పోయి బంతి తెచ్చాం. పేర్లన్నీ రాసి నోటీసు బోర్డు పక్కన అంటించాం. ముప్పై ఒకటో పేరు మా కీపర్‌ది. బంతిని సోలోగా ఎవరూ తీసుకుపోకూడదని, ఏ జట్టుకైనా అరువివ్వాలంటే సగం మందికి పైన చేతులెత్తాలని రాసుకున్నాం. జర్మనీ నియమమే, మా చేతిరాతలో.

ఇప్పుడు కొత్త తగాదా వచ్చింది. మార్చిలో ఇంటర్ పూర్తిచేసి పోయే అన్న ఒకాయన తన ఇరవై రూపాయల వాటాను ఎనిమిదో తరగతి తమ్ముడికి పదిహేను రూపాయలకు అమ్ముతానంటున్నాడు. అమ్మకూడదని ఒక వర్గం, వాటా అన్నాక అమ్ముకునే హక్కు ఉంటుందని ఇంకో వర్గం. తమ్ముడేమో పన్నెండు రూపాయలకైతే కొంటానని బేరం పెట్టాడు. వార్డెన్ సార్ దాకా పోయింది. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు.