గూటిలోని గ్లాసు

క్రైస్తవ గృహములలో సాయంకాలపు కుటుంబ ప్రార్థన యెట్లు జరుగునో చదువరులలో పలువురెఱుగుదురు. చాప పఱతురు. ఒకరు వాక్యము చదువుదురు, ఒకరు కీర్తన యెత్తుకొందురు, కడపట చిన్నవారిచేత కంఠత వాక్యము చెప్పింతురు. మా యింటను నంతియే. మా కుమారునకు ఏడేండ్లు. వాడు 23వ కీర్తనను తప్పులేకుండ అప్పగించిననాడు మా భక్తికే యెవరో యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చినట్లు మురిసితిమి. సండే స్కూలులో వానికి బహుమానముగా వచ్చిన బొమ్మల బైబిలును ఇంటికి వచ్చినవారికెల్ల చూపుచుంటిమి. బిడ్డకు విశ్వాసము నేర్పుచున్నామనియే మా నమ్మకము. వాడు మాయొద్ద ఇంకేమి నేర్చుకొనుచున్నాడో విచారింప మాకు తోచలేదు.

మాది ఒంగోలు ప్రాంతము. 1866లో ఆ యూరికి వచ్చి నిలిచిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి కథ మా యిండ్లలో పురాణమువలె చెప్పుకొందురు. మాదిగలను సంఘములో చేర్చుకొనవలదని పైకులములవారు ఒత్తిడి చేసినను ఆయన వారినే చేర్చుకొనెను. 1876-78 నాటి కరవులో బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కూలి యాశతో మతములో చేరిరను మాట రాకుండుటకై ఆ కాలమున బాప్తిస్మములను నిలిపియుంచెను. తరువాత 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మా ముత్తాత తండ్రి ఆ గుంపులోనివాడే యని మా పెద్దలు చెప్పుదురు. అంతకు మునుపు ఆయనకు ఊరిబావిలో చేద వేయు హక్కు లేదు. బావిగట్టునకు దూరముగా నిలిచి, ఎవరికైన దయ పుట్టి పైనుండి పోసినప్పుడు దోసిలి పట్టి త్రాగవలసినవాడు. ఈ దోసిలి కథను మేము మా వానికెన్ని మార్లు చెప్పితిమో లెక్కలేదు. చెప్పునప్పుడెల్ల మా కంఠము గద్గదమగుటయు గలదు.

ఇప్పుడు మాకు ఉద్యోగమున్నది, సొంత యిల్లున్నది. ఉదయము అంట్లు తోముటకు ఒకామె వచ్చును. పెరటి వసారా గూటిలో ఆమె కొఱకు ఒక స్టీలు గ్లాసుండెడిది. దాని నక్కడ ఎవరు పెట్టిరో, ఎప్పుడు పెట్టిరో ఎంత తలచుకొన్నను మాకు జ్ఞాపకము రాలేదు. అట్టి వస్తువులు ఇంటిలో పుట్టుకతోనే ఉన్నట్లుండును. టీ హోటళ్లలోని రెండు గ్లాసుల పద్ధతిని ఖండించుచు మేము సభలలో మాటాడియున్నాము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణమును వల్లించి చప్పట్లు కొట్టించుకొన్నాము. ఆమెయు మా సంఘస్థురాలే, మావలెనే ఆనాటి పల్లెవాడల సంతానమే. ఆదివారమున ప్రభురాత్రి భోజనపు రొట్టె మాకును ఆమెకును ఒక్క పళ్లెములోనుండియే వచ్చుచుండెను. సోమవారము తెల్లవారునప్పటికి ఆమె గ్లాసు గూటిలో సిద్ధముగా నుండెను. మా పూర్వులకు విరోధియైన వస్తువే మా గూటిలో కాపురముండెనని మాకు తట్టలేదు.

ఒక ఆదివారము మావాడు సండే స్కూలునుండి సమరయ స్త్రీ కథ విని వచ్చెను. భోజనముల యొద్ద అడిగెను: "నాన్నా, యేసుప్రభువు దగ్గర చేద లేదుగా, మరి ఆవిడ కుండతోనే తాగుతారా?" అవునంటిమి. "మరి మన అత్తకి వేరే గ్లాసెందుకు?" పనిచేయునామెను వాడు అత్తయనియే పిలుచును. శుభ్రత కొఱకంటిమి. వాడు ముద్ద మింగి, తీరికగా, "మన గ్లాసులన్నీ అత్తేగా కడిగేది?" అనెను. ప్రొద్దుపోయినది, పండుకొమ్మంటిమి.

యూదులకు సమరయులతో పొత్తులేదని ఆ కథలో చెప్పినచోట మూలమందలి గ్రీకు మాటకు 'ఒకరి పాత్ర ఒకరు వాడుకొనరు' అను అర్థమును కొందఱు పండితులు చెప్పుదురు. ఇది మేము తరువాత చదివి తెలిసికొన్నది. మావానికి గ్రీకు రాదు.

ఆ వారములోనే మా యింటికి బంధువులు వచ్చిరి. ఉదయము అందఱము వసారాలో కాఫీ త్రాగుచుండగా మావాడు తిన్నగా గూటియొద్దకు పోయి, మునివ్రేళ్లపై నిలిచి ఆ గ్లాసు తీసి, ఫిల్టరునుండి నీళ్లు పట్టుకొని గటగట త్రాగెను. బంధువులలో నొకరు నవ్వి, "ఏరా, పనిమనిషి గ్లాసుతోనా?" అనిరి. మేము లేచి వాని చెంపపై కొట్టితిమి. ఎందుకు కొట్టితిమని మమ్మడిగిన నాడు చెప్పలేకపోయెడివారము. ఇప్పుడు చెప్పగలము: ఆ నవ్వు మాకు తగిలినది. మా ముత్తాత తండ్రి దోసిలి ఆ నవ్వులో మాకు కనబడినది. దానిని దాచుకొనుటకు బిడ్డ చెంప దొరికినది. కుళాయి యొద్దనున్న ఆమె తలయెత్తలేదు. ఆమె చేతిలోని గిన్నె మాత్రము కొంతసేపు కదలక నిలిచెను.

ఆ సాయంకాలము ప్రార్థనలో వాని వంతు వచ్చెను. ఏ దినమునను తన మాటలతో ప్రార్థింపని వాడు ఆనాడు కన్నులు గట్టిగా మూసికొని, "ప్రభువా, నేను అత్త గ్లాసుతో నీళ్లు తాగాను. పాపం చేశాను. క్షమించు" అనెను. అందఱము అలవాటుగా ఆమెన్ అంటిమి. ఆ మాట నోట వెలువడిన తరువాత గాని దేనికి ఆమెన్ అంటిమో మాకు తెలియలేదు.

ఇంతకాలము వాక్యములు మేము నేర్పుచుంటిమి గదా, వాటి నన్నిటిని ఒక్క చెంపదెబ్బ త్రోసివేసి, దేవునికి ఏది అసహ్యమో వానికి మాకంటె స్పష్టముగా నేర్పినది. వాడు మమ్ము నమ్మినట్లే ఆ దెబ్బనును నమ్మెను. కొట్టిన చేయి తప్పు చేయదని నమ్మి, తన మంచి పనిని పాపమని యొప్పుకొని పశ్చాత్తాపపడెను. అంత నిర్మలమైన పశ్చాత్తాపము మేము మా జీవితములో ఎన్నడును పడియెఱుగము. మా ప్రార్థనలలో పాపములు ఎప్పుడును బహువచనముననే యుండును, వాటికి పేరుండదు, గ్లాసుండదు. పాపము చేయనివాడు పేరుపెట్టి యొప్పుకొనుచుండగా, చేసిన మేము పెద్దలమై చాపపై కూర్చుంటిమి.

మా గృహిణి లేచి వంటింటిలోనికి పోయెను. ఆమెయు నిద్రపోలేదని రాత్రి తెలిసినది. వాని పడకయొద్ద కూర్చుండి, నీవు చేసినది పాపము కాదు, కొట్టుటయే పాపము, ఆ పాపము మాది, క్షమింపుమంటిమి. బిడ్డను క్షమాపణ వేడుకొనుట పెద్దఱికమునకు లోపమని తలచు తండ్రులు మనలో పలువురు గలరు. మేమును నిన్నటివరకు అట్టివారమే. వాడు నిద్రమత్తులో కొంచెము ఆలోచించి, "అయితే రేపు తాగొచ్చా?" అని యడిగి, బదులు వినకుండనే నిద్రపోయెను.

ఇంత సులభముగా ఆమెతో తీరలేదు. మఱునాడు గ్లాసును గూటిలోనుండి తీసి మా గ్లాసులలో కలిపితిమి, మాట మాత్రము మూడు దినములు వాయిదా వేసితిమి. ఆమె గూటిలో వెదకి, "నా గ్లాసేదమ్మగారూ?" అని యడిగెను. పని మాన్పింతురేమో యను వెఱపు ఆ ప్రశ్నలో నుండెను. ఏ గ్లాసుతోనైన త్రాగవచ్చునని మా గృహిణి చెప్పగా, ఆమె తలయూపి, కుళాయిక్రింద దోసిలి పట్టి త్రాగి వెడలిపోయెను. మేమా దోసిలిని చూచితిమి.

నాలవనాడు మేమే పోయి తప్పొప్పుకొంటిమి. మాకొక యాశ యుండెను: ఆమె కంటతడి పెట్టి, మంచివారని మమ్ము మెచ్చుకొని, మా మనస్సును తేలికపఱచునని. ఆమె, "ఇప్పుడెందుకులెండి అయ్యగారూ ఆ మాటలు" అని తోమిన పళ్లెమును మఱల తోమసాగెను. మేము కదలకుండుట చూచి, "చిన్నబాబుని కొట్టారే, ఆ దెబ్బ నాకే తగిలింది. ఆర్నెల్ల బట్టి ఆ గ్లాసు మూతి వంకరపోయింది, ఎవరూ చూళ్లేదు" అనెను. ఇన్నాళ్లు ఆ గ్లాసు మా యింటిలోనే యుండెను. దాని మూతి వంకరయైన సంగతి మేమెఱుగము.

ఇప్పుడామె అలమరలోని గ్లాసు తీసికొనును. ఐనను పెదవి తగులనీయక, తలవెనుకకు వాల్చి పైనుండి పోసికొని త్రాగును. ఆమెను చూచి మావాడును అట్లే త్రాగ నేర్చుకొనుచున్నాడు. నీళ్లు సగము నోటిలోనికిని, సగము చొక్కాపైనను పడుచున్నవి. ఆమె వానికి గ్లాసెంత యెత్తున పట్టవలెనో చేయి పట్టి చూపుచున్నది.