రాకెట్లు లేచే చోట చేపల వేట

శ్రీహరికోట పేరు మీరు వినే ఉంటారు. మన రాకెట్లు అక్కడినుంచే ఆకాశానికి లేస్తాయి. దానికి ఒకవైపు బంగాళాఖాతం, రెండోవైపు పులికాట్ సరస్సు ఉన్నాయి. ఇలాంటి చోటే అమెరికాలో ఒకటున్నది. 1969లో మొట్టమొదట చంద్రుడిమీద దిగిన మనుషులు బయలుదేరినది అక్కడినుంచే. ఫ్లోరిడా రాష్ట్రపు తూర్పు తీరాన ఉన్న ఆ ఉప్పునీటి సరస్సును ఇండియన్ రివర్ లగూన్ అంటారు. పేరులో నది ఉన్నా అది నది కాదు. సముద్రానికీ నేలకూ మధ్య సన్నని ఇసుక దిబ్బలు అడ్డుపడటంవల్ల అది ఏర్పడింది. పొడవు సుమారు 250 కిలోమీటర్లు. లోతు మాత్రం చాలాచోట్ల మనిషి ఎత్తయినా ఉండదు.

మనకు దసరా, దీపావళి వచ్చే రోజులలో అక్కడ చేపల సందడి. ఉత్తరాన చల్లగాలులు మొదలుకాగానే ముల్లెట్ అనే చేపలు గుంపులు గుంపులుగా దక్షిణానికి బయలుదేరుతాయి. పెద్ద చేపలు వాటి వెంటపడతాయి. పైనుంచి గూడబాతులు దబ్బున నీటిలోకి దూకుతాయి.

గాలం వేసేవాళ్లు ఈ సందడిని కనిపెట్టి ఉంటారు. వాళ్లలో చాలామంది గాలానికి రొయ్యనో, చేపముక్కనో గుచ్చరు. ఉత్తుత్తి ఎర కడతారు! దానిని కొయ్యతోనో ప్లాస్టిక్‌తోనో ముల్లెట్ ఆకారంలో చేసి రంగు వేస్తారు. కొన్నిటికి మూతి గుంటగా ఉంటుంది. దారం చటుక్కున లాగితే ఆ మూతి నీటిని కొట్టి "గుబుక్" మంటుంది. చేపకు ఒంటికి రెండు పక్కలా ఒక్కొక్క గీత ఉన్నది. నీటిలో పుట్టే కదలికలను చేప ఆ గీతతో పసికడుతుంది. అందుచేత మసకనీటిలో కూడా, ఏదో చిన్న చేప కొట్టుకుంటున్నదని దానికి తెలిసిపోతుంది. కొయ్యముక్కకు ప్రాణం ఉన్నట్టు ఆడించటమే వేటగాడి నేర్పు.

అక్కడ పేరుపొందిన చేప రెడ్ డ్రమ్. ఒళ్ళు రాగిరంగు, తోక మొదట నల్లమచ్చ. మగచేపలు పొట్టలోని గాలితిత్తిమీద కండరాలను ఆడించి, డోలు వాయించినట్టు చప్పుడు చేస్తాయి. ఆ పేరు అందుకే వచ్చింది. దాని నోరు కిందివైపుకు ఉన్నది గనక అది అడుగున పీతలను, రొయ్యలను వెతుక్కుంటుంది. లోతులేనిచోట తల వంచితే దాని తోక నీటిపైకి లేస్తుంది. అప్పుడు "గుబుక్" మనే ఎర పనికిరాదు. మెత్తని రొయ్యబొమ్మను అడుగున మెల్లగా లాగాలి. చప్పుడైతే చేప పారిపోతుంది. అందుకని ఇంజను ఆపి, పడవను గెడతో తోస్తారు.

నీటిలో దిగి నడిచేవాళ్లు పాదం ఎత్తరు, ఇసుకలో ఈడుస్తారు. ఎందుకో తెలుసా? తోకలో విషపు ముల్లున్న చేపలు ఇసుక కప్పుకుని పడుకుని ఉంటాయి. పాదం మెల్లగా తగిలితే అవి తప్పుకుంటాయి; మీద అడుగుపడితే పొడుస్తాయి.

ఈ చేపలకూ పీతలకూ ఇల్లు, నీటి అడుగున పెరిగే సముద్రపు గడ్డి. పొలాలలోనూ తోటలలోనూ వేసిన ఎరువులు, ఇళ్ళ మురుగు సరస్సులో చేరటంచేత నీటిలో నాచు విపరీతంగా పెరిగింది. 2011లో అది నీటిని కమ్మి, ఎండను గడ్డికి చేరనివ్వలేదు. ఆ తరవాతి సంవత్సరాలలో సగానికి పైగా గడ్డి నశించింది. ఆ గడ్డి మేసి బతికే మానటీ అనే పెద్ద నీటిజంతువులు ఆకలికి మాడిపోయాయి. 2021 ఒక్క సంవత్సరంలోనే ఫ్లోరిడాలో సుమారు 1,100 మానటీలు చనిపోయాయి.

అందుచేత 2022లో అక్కడ కొత్త నియమం పెట్టారు: ఈ సరస్సులో రెడ్ డ్రమ్‌ను పట్టినవాడు దానిని మళ్ళీ నీటిలోనే వదిలెయ్యాలి.

వదలటం కూడా ఒక విద్యే. చేతులు తడిచేసుకుని పట్టుకోవాలి. పొడిచేతులు తగిలితే చేప ఒంటిమీది జిగురు ఊడిపోతుంది. రోగాలు అంటకుండా దానిని కాపాడేది ఆ జిగురే. తల నీటిలో ఉంచి, అది తనంతట తాను తోక ఆడించేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు చెయ్యి తీసేస్తే, తోకమీది నల్లమచ్చ ఒక్కసారి కనిపించి, మిగిలిన గడ్డిలోకి మాయమైపోతుంది.