ఆవంచ దారిలో... చక్రం వంకరపోతే!

జడ్చర్ల దాటి, గంగాపూర్‌ చెన్నకేశవస్వామికి ఓ దండం పెట్టుకుని తిమ్మాజిపేట బాట పడితే... రెండు పక్కలా ఎర్రటి చెలకలు, వాటి మధ్య ఏనుగుల మందలా నల్లటి గుండ్లు, గట్ల మీద తాటిచెట్లు. కారులో వెళ్లేవాళ్లకు ఇవన్నీ కిటికీలోంచి కదిలిపోయే బొమ్మలు. సైకిల్‌ మీద వెళ్లేవాళ్లకు మాత్రం ప్రతి మిట్టా ఓ పరీక్షే, ప్రతి పల్లమూ ఓ బహుమానమే! హైదరాబాద్‌ నుంచి 80 కిలోమీటర్లకు పైగా తొక్కుకుంటూ ఇటు రావాలంటే కాళ్లలో బలం ఒక్కటే చాలదు, చక్రాల్లోనూ ఉండాలి.

ఇంతదూరం వచ్చినవారికి దక్కే దర్శనం ఆవంచ గణపతి. 2016లో ఏర్పడిన నాగర్‌కర్నూల్‌ జిల్లా తిమ్మాజిపేట మండలంలో ఉందీ ఊరు. ఒకే రాతిలో మలచిన భారీ విగ్రహం. ఎత్తు పాతిక అడుగులు ఉంటుందనీ, చాళుక్యుల కాలం నాటిదనీ చెబుతారు. భక్తులు ఐశ్వర్య గణపతిగా కొలుస్తారు.

ఆ విఘ్ననాయకుణ్ని చూడబోతుంటేనే విఘ్నం ఎదురైందనుకోండి. ఎదురుగా లారీ, పక్కకు తప్పుకోబోతే గుంత. ‘ఠంగ్‌’మన్న చప్పుడు, ఆ వెంటే ‘తుస్స్‌’! ట్యూబు పోతే అతుకేసుకోవచ్చు. కానీ చక్రమే వంకరపోయి బ్రేకుకు రాసుకుంటుంటే? బాగు చేయించాలా, కొత్తది కొనాలా, ఎలాగూ ఖర్చే కాబట్టి ఇంకాస్త ఖరీదైనది వేయించాలా?

ఊరి సైకిల్‌ చెప్పే పాఠం

ఈ ప్రశ్న పల్లెకు కొత్తదేం కాదు. సైకిల్‌ టాక్సీల కాలంలో రిమ్ము వంకరపోతే పారేసేవారు కాదు. ఇనుప రిమ్మును మోకాలికి ఆనించి ఓ దెబ్బ వేసి, చిన్న పానాతో చువ్వలు బిగించి, వదులు చేసి బెండు తీసేవారు. సంప్రదాయ నల్ల సైకిల్‌కు ముందు 32, వెనక 40 చువ్వలుండేవి. బరువంతా వెనకే కదా! తొక్కే మనిషి, వెనక కూర్చున్న ఇల్లాలు, ఆ పైన వడ్ల మూట... అన్నీ మోయాలి మరి. చువ్వలు హబ్బు నుంచి కాస్త ఏటవాలుగా వెళ్లే ఈ అమరికకు 1874లో పేటెంటు పొందింది ఇంగ్లండుకు చెందిన జేమ్స్‌ స్టార్లీ. నేటి రేసింగ్‌ సైకిల్‌ చక్రాల్లో అత్యధికం ఆ దారిలోనివే.

తేడా ఎక్కడంటే, ఇప్పటి రిమ్ములు ఎక్కువగా అల్యూమినియంవి. తేలిక, తుప్పు పట్టవు. కానీ గట్టిగా నొక్కుకుపోతే ఇనుములా తిరిగి చక్కబడవు. కొట్టి సరిచేయబోతే పగుళ్లిస్తాయి.

ముందు చక్రం తిప్పి చూడాలి

కొనాలా వద్దా అనేది తేల్చాల్సింది దుకాణదారు కాదు, చక్రమే. గాల్లోకి లేపి తిప్పాలి. కాస్త అటూ ఇటూ ఊగుతూ, రిమ్ముకు పగుళ్లు లేకపోతే బెండు తీయిస్తే చాలు. ఒకటి రెండు చువ్వలు తెగినా అంతే.

చువ్వల రంధ్రాల దగ్గర సన్నటి గీతలా పగులు కనిపించినా, బ్రేకు రాసుకుని రిమ్ము పక్కలు గిన్నెలా లోపలికి అరిగినా మొహమాటం వద్దు... మార్చాల్సిందే. అరిగిన గోడ టైరులోని గాలి ఒత్తిడికి చీలిపోవచ్చు. పల్లంలో దిగుతుండగా ముందు చక్రానికి అలా జరిగితే ప్రాణాలకే ముప్పు. నాలుగు రూపాయలు మిగుల్చుకునే చోటు కాదది.

అలాగని చక్రమంతా పారేయనక్కర్లేదు. ఇరుసు పట్టుకుని హబ్బు తిప్పితే గరగరమనకుండా నునుపుగా తిరుగుతోందా? అయితే అది మంచిదే. అదే కొలత, అన్నే రంధ్రాలున్న రిమ్ము తెచ్చి అల్లించుకోవచ్చు. హబ్బూ పోయి, చువ్వలూ తుప్పు పట్టి ఉంటే మాత్రం అల్లిక కూలీతో కలిపి లెక్క చూసుకోవాలి. అప్పుడు కొత్త చక్రమే చవక కావచ్చు.

ఖరీదైనది కొంటే?

ఇక్కడే చాలామంది తడబడేది. తేలికపాటి చక్రం వేస్తే సైకిల్‌ దూసుకుపోతుందన్న ఆశ! కానీ రెండు చక్రాల మధ్య తేడా చాలాసార్లు కొన్ని వందల గ్రాములే. నిండు లీటరు నీళ్ల సీసా అంతకంటే బరువు. పైగా చువ్వలు తక్కువున్న చక్రంలో ఒకటి తెగితే చాలు, బండి కదలనని మొండికేయొచ్చు. 32 చువ్వలున్నదైతే ఎలాగోలా ఊరు చేరుస్తుంది. గతుకుల దారుల్లో తిరిగేవారు డబ్బు పెట్టాలనుకుంటే బలమైన రిమ్ముకూ, ఫ్రేములో పట్టేట్టయితే 28 లేదా 32 మిల్లీమీటర్ల టైర్లకూ పెట్టడం మేలు. కొనేముందు బ్రేకు రకం, ఇరుసు, వెనక గేర్ల సంఖ్య సరిపోతాయో లేదో చూసుకోవాలి. పాత 28 అంగుళాల సైకిల్‌ రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, రేసింగ్‌ సైకిల్‌ది 622. చూపులకు ఒకేలా ఉన్నా ఒకదాని టైరు మరోదానికి ఎక్కదు!

ఇక గుంత దగ్గర ఆగిపోయిన మన యాత్రికుడి సంగతి. ముందు రిమ్ముకు పగులు కనిపిస్తే ఆ రోజుకు సైకిల్‌ దిగి, బస్సో ఆటోనో చూసుకోవడమే. దర్శనం మిగిలిపోయిందన్న బెంగ అక్కర్లేదు. వందల ఏళ్లుగా అక్కడే కూర్చున్న ఆవంచ గణపతి ఇంకో ఆదివారం దాకా ఆగలేడా ఏంటి!