మా ఇంటి పిల్లికి చక్కెర జబ్బు

‘‘పిల్లికి చక్కెర జబ్బేమిటండీ, అదేమైనా మిఠాయిలు తింటుందా?’’ అని మీరు నవ్వవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పాతికేళ్లకు పైగా చక్కెర రోగులను చూస్తూ వచ్చిన నేనూ మొదట నవ్వాను. నిజానికి పిల్లి నాలుకకు తీపి రుచే తెలియదు. అయినా దానికి ఈ జబ్బు వస్తుంది. మనలో పెద్దవయసులో వచ్చే రకానికి ఇది దగ్గరి చుట్టం. వయసు మళ్లి, ఒళ్లు చేసి, ఇంటిపట్టునే పడి ఉండే పిల్లుల్లో, అందులోనూ పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించిన మగవాటిలో ఎక్కువ.

సిద్దిపేటలో మా వీధిలోనే ఒక రిటైర్డు టీచరమ్మగారు ఒంటరిగా ఉండేవారు. కొడుకు విదేశం వెళుతూ ఆమె దగ్గర వదిలిన గోధుమరంగు మగపిల్లి ఇది. తొమ్మిదేళ్లది. పేరు బుజ్జిగాడు. మూడు పూటలా పాలన్నమో పెరుగన్నమో తిని అరుగు మీద నిద్రపోయేది. ఒక వానాకాలం ఆమె నాతో, అది గిన్నెలు గిన్నెలు నీళ్లు తాగుతోందనీ, ఎంత తిన్నా చిక్కిపోతోందనీ చెప్పారు. నేను పట్టించుకోలేదు. ‘‘సారూ, దాని ఇసుక పళ్లెం కాడ చీమలు పడుతున్నయి’’ అన్నప్పుడు మాత్రం నా నవ్వు ఆగిపోయింది. మధుమేహం అన్న మాటలో ఉన్న మధువు అదే కదా!

వెళ్లి చూశాను. పిల్లులు వేళ్ల మీద నడుస్తాయని మీరు గమనించే ఉంటారు. ఇది మాత్రం వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తోంది. చక్కెర వల్ల నరాలు దెబ్బతింటే అలా అవుతుంది. టీచరమ్మగారికీ షుగరే. తాను వేసుకునే గోలీలో సగం విరిచి పాలలో కలిపి దానికీ పోస్తున్నారు! మన మందులు మూగజీవాలకు ఇలా పంచిపెట్టకండి. జ్వరానికి మనం మింగే పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

నేను మనుషుల వైద్యుణ్ణి. అందుకని హైదరాబాదు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకువెళ్లమన్నాను. భయపడినప్పుడు పిల్లి రక్తంలో చక్కెర దానంతటదే పెరుగుతుంది. కనుక ఒక్క పరీక్షతో తేల్చరు. మూత్రంలో చక్కెర చూస్తారు, గత రెండు మూడు వారాల సంగతి తెలిపే ఫ్రక్టోజమీన్ పరీక్ష కూడా చేస్తారు. జబ్బు ఖాయమైంది. గ్లార్జిన్ ఇన్సులిన్ ఒక్కొక్క యూనిట్, పన్నెండు గంటలకొకసారి.

రెండు నెలలు ఎలాగో గడిచాయి. తరువాత ఆమె చూపు మందగించి సిరంజి మీద గీతలు కనిపించడం మానేశాయి. కూతురు వచ్చి తనతో తీసుకుపోతానన్నది. అల్లుడు మాత్రం పిల్లి వద్దన్నాడు. ‘‘కోమటి చెరువు కట్ట మీద వదిలేస్తే అదే బతుకుతది’’ అన్నాడు. బతకదు. ఇన్సులిన్ లేకపోతే కొన్నాళ్లలోనే రక్తంలో కీటోన్లు పేరుకుని వాంతులతో, నీరసంతో పోతుంది. ఆ సంగతి తెలిసిన మనిషిని అక్కడ నేనొక్కణ్ణే. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ‘‘పొద్దంత మనుషులకు సూదులేసింది చాలలేదా, ఇప్పుడు పిల్లికి గూడనా?’’ అన్నది మా ఆవిడ.

ఇంజక్షను కష్టమేమీ కాదు. అది తినే వేళ పక్కటెముకల మీద చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా ఎత్తి గుచ్చితే తలయినా ఎత్తదు. పాలన్నం మాన్పించి, పశువైద్యుల సలహాతో ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, పిల్లులకని అమ్మే తడి ఆహారం మొదలుపెట్టాం. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. అన్నం తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది, కాబట్టి చెవి అంచున చిన్న చుక్క తీసి చక్కెర చూస్తుండాలి. కష్టమల్లా గడియారంతోనే. ఉదయం ఏడు, రాత్రి ఏడు. ‘ఉదయం, రాత్రి’ అని చీటీ మీద రెండు క్షణాల్లో రాసిపారేసేవాణ్ణి. ఆ రెండు మాటలతో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని ప్రయాణాలు ఆగిపోతాయో అప్పుడు తెలిసింది.

ఇక నా తప్పు చెబుతాను. ఒక రాత్రి నారింజరంగు మూత సిరంజిలు అయిపోయాయి. బల్ల సొరుగులో ఎర్ర మూతది ఒకటి కనిపిస్తే దానితోనే ఒక గీత వరకు లాగి ఇచ్చాను. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు. మా పిల్లి మందు 100 యూనిట్లది. అంటే ఒకటి ఇవ్వవలసిన చోట రెండున్నర ఇచ్చాను. అర్ధరాత్రి మా ఆవిడ లేపింది. పిల్లి తాగినవాడిలా తూలుతోంది, ముఖం అదురుతోంది. మీటరు 38 చూపింది. (మన మీటర్లు పిల్లి రక్తానికి కొంత తక్కువే చూపుతాయి, అయినా ఆ తూలుడు చూశాక ఆ లెక్కతో పనేముంది!) మాంసం పెడితే ముట్టలేదు. వేలితో తేనె తీసి చిగుళ్లకు రాశాను. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంటకొకసారి రాస్తూ, తల ఎత్తి తినడం మొదలుపెట్టేదాకా కూర్చున్నాం. తెల్లవారగానే పశువైద్యులకు చూపించాం. చదువుకున్న డాక్టరు ఇంట్లో ఇది జరిగింది.

ఆ సోమవారం ఓపీకి ఒక పెద్దాయన వచ్చాడు. ఆర్నెల్లుగా ఇన్సులిన్ ఎంత పెంచినా చక్కెర దిగిరాదు. దొంగచాటుగా తీపి తింటున్నావని ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు. ‘‘మీ సూది, సీసా తెచ్చి చూపించు పెద్దాయనా’’ అన్నాను మొదటిసారి. మర్నాడు తెచ్చాడు. సీసా 40ది, సిరంజి 100ది. మా తప్పుకు తలకిందులు. ఆయన ఇరవై గీతల దాకా లాగుతుంటే ఒంట్లోకి పోయేది ఎనిమిదే. ‘‘నేను తీపి తినలే సారూ, అప్పుడే చెప్పిన గద’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సిరంజి మార్చి, మోతాదు ఉన్నదున్నట్టు ఉంచకుండా బాగా తగ్గించి మొదలుపెట్టాను. ఉంచి ఉంటే ఆయనకూ ఆ రాత్రి వచ్చేది.

మీ ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే ఇవాళే సీసా మీద, సిరంజి మీద ఉన్న అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద పరీక్షించాకనే ఈ మందు మనదాకా వచ్చింది. ఆ తరువాత ఎన్నో ఏళ్లు పశువుల, పందుల క్లోమం నుంచే తీశారు. పిల్లికి ఇన్సులినా అని వింతపడేవారికి నేను ఈ మాటే చెబుతుంటాను.

ఇలాంటి పిల్లిని తెచ్చుకోవాలనుకుంటే, ఖర్చు సంగతి తరువాత, ముందు మీరు ఊళ్లో లేని నాడు సూది ఎవరు వేస్తారో తేల్చుకోండి. మేం పక్కింటి డిగ్రీ పిల్లకు నేర్పాం. మొదట్లోనే వైద్యం అందిన కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. మాదానికి ఇంకా అర యూనిట్ పడుతూనే ఉంది, మడమలు మాత్రం లేచాయి. టీచరమ్మగారు ఆదివారం ఆదివారం ఫోను చేస్తారు.

‘‘చీమలు పడుతున్నయా సారూ?’’

‘‘లేవమ్మా.’’