ఈ క్షణపు ఊపిరి

రంగూన్‌లో వ్యాపారం చేసే సత్యనారాయణ గోయెంకాను తీవ్రమైన పార్శ్వపు తలనొప్పి పీడించేది. మార్ఫిన్ సూదిమందుతో గాని అది శాంతించేది కాదు. 1955లో ఆయన ధ్యానగురువు ఊ బా ఖిన్‌ను ఆశ్రయించారు. బర్మా ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి కూడా అయిన ఆ గురువు, కేవలం తలనొప్పి పోగొట్టుకొనేందుకైతే చేర్చుకోనన్నారు.

విపశ్యన సారమంతా ఆ మాటలోనే ఉంది. పది రోజుల శిబిరంలో మొదటి మూడు రోజులూ సాధకుడు చేసేది నాసికాపుటాల వద్ద వచ్చిపోయే గాలిని గమనించడమే. మంత్రం లేదు, శ్వాసను బంధించడమూ లేదు. నిన్నటి ఊపిరిని మళ్ళీ పీల్చలేము. రేపటి ఊపిరిని ముందుగా పీల్చలేము. కనుక శ్వాసపై నిలిచిన మనస్సు వర్తమానంలో నిలిచినట్లే. కాని అది నిలవదు. పాత తగవులకో, రాబోయే ఖర్చులకో పరుగెత్తుతుంది. విసుగుపడక దానిని వెనుకకు తీసుకురావడమే అభ్యాసం. నాలుగవ రోజు నుండి ఆ దృష్టి శరీరమంతటా సంచరిస్తుంది. మోకాలి నొప్పిని ‘పోవాలి’ అని కాక ‘ఉన్నది’ అని చూడటం అలవడుతుంది.

గోయెంకా తలనొప్పి తగ్గింది. దానికోసం ఆరాటపడటం మానిన తరువాతనే. 1969లో ఆయన భారతదేశానికి వచ్చి ఈ విద్యను బోధించసాగారు. 1994లో తీహార్ జైలులో వేయిమందికి పైగా ఖైదీలు ఆయన శిబిరంలో కూర్చున్నారు. గడచిన నేరాన్నీ, రానున్న విడుదలనూ ప్రక్కకుపెట్టి, ఒక్క శ్వాసను చూడటం వారికెంత కష్టమో ఊహించవచ్చు. గోడలు లేని ఇళ్ళలో ఉన్నవారికి కూడా అది సులభమేమీ కాదు.